పాత అమెరికా వెండి డాలర్లు: మింట్ గుర్తు, తూకం, కరిగిపోయిన లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మేనమామ అమెరికా నుంచి తెచ్చిచ్చిన వెండి డాలర్లు ఏడున్నాయి. నాలుగింటి మీద 1921, మిగతా మూడింటి మీద 1881, 1904, 1922 అని ఉంది. వీటిలో ఏది అరుదు, నల్లబడినవి తోమవచ్చా, ఎవరో 1893 శాన్‌ఫ్రాన్సిస్కో డాలరు చవగ్గా ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా, సేకరణ పెంచుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి.

తోమడం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఇది చదివేలోపే ఎవరైనా పని కానిచ్చేస్తే ఆ తర్వాత చెప్పడానికేం ఉండదు. తోమకండి. పండగకి కుందులు, పంచపాత్ర తోమినట్టు విభూతి, చింతపండు, పళ్ళపొడి, ఏవీ దాని దగ్గరికి రానివ్వకండి. వేడినీళ్ళలో బేకింగ్ సోడా వేసి అల్యూమినియం రేకు మీద పెట్టే చిట్కా కూడా వద్దు. కుంది మెరుపు వేరు, నాణెం మెరుపు వేరు. ప్రెస్ దెబ్బ పడ్డప్పుడు వెండి బిళ్ళలో లోహం నడిమి నుంచి అంచుకి పాకుతుంది. ఆ పాకుడు ఉపరితలం మీద కంటికి విడిగా కనపడనంత సన్నని గీతలుగా మిగిలిపోతుంది. కొత్త నాణేన్ని దీపం కింద వంచి తిప్పితే బండిచక్రం ఆకుల్లా ఒక వెలుగు పట్టీ తిరుగుతుంది చూడండి, అది ఆ గీతల వల్లే. ఒక్కసారి గుడ్డతో గట్టిగా రుద్దితే ఆ గీతలు తెగి, ఒకే దిక్కున వెంట్రుకల్లాంటి గీరలు పడతాయి. నాణెం తెల్లగా మెరుస్తుంది గానీ చక్రం తిరగదు. నాణెం స్థితి చూసి అంకె వేసే గ్రేడింగ్ సంస్థలు అలాంటిదానికి అంకె ఇవ్వవు, ‘డీటెయిల్స్, క్లీన్‌డ్’, అంటే తోమినది అని రాసి పంపేస్తాయి. నలుపంటారా, అది గాలిలోని గంధకంతో వెండి కలిసి కట్టిన పలచని పొర. సమంగా పట్టిన నలుపుని, అంచుల దగ్గర పసుపు, ఊదా, నీలం తిరిగిన రంగుల్ని సేకర్తలు ఎక్కువ డబ్బిచ్చి కొంటారు కూడా.

ఇక గుర్తుపట్టడం. మీ దగ్గర రెండు జాతులున్నాయి. బొమ్మ వైపు, ‘లిబర్టీ’ అక్షరాలున్న పట్టీ కట్టుకుని, టోపీ పెట్టుకున్న నిండు ముఖం స్త్రీ ఉంటే అది మోర్గాన్ డాలరు. చలామణీ కోసం 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో ఒక్క ఏడాది కొట్టారు. చెక్కినవాడు జార్జ్ మోర్గాన్, ఇంగ్లండు నుంచి 1876లో ఫిలడెల్ఫియా మింట్‌కి, అంటే నాణేలు కొట్టే టంకశాలకి వచ్చినవాడు. ఆ ముఖానికి కూర్చున్నది ఫిలడెల్ఫియాలో పంతులమ్మ, అనా విల్లెస్ విలియమ్స్. తలచుట్టూ కిరణాల కిరీటం, జుట్టు గాలికి ఎగురుతూ, బొరుసు వైపు గద్ద రాయి మీద కూర్చుని ఉంటే అది పీస్ డాలరు. ఆంథనీ డి ఫ్రాన్సిసీ గీసింది, చలామణీకి 1921 నుంచి 1928 వరకు, తర్వాత 1934, 1935లో వచ్చింది. మీ 1922ది ఇదే. 1921లో రెండూ కొట్టారు కాబట్టి ఆ నాలుగింటిలో కిరణాల కిరీటం ఉన్నది ఏదైనా ఉందేమో ముందు చూడండి. ఆ ఏడాది డిసెంబరు చివర్లో ఎత్తు రిలీఫ్‌తో, అంటే బొమ్మ బాగా ఉబ్బెత్తుగా వచ్చేలా కొట్టిన పీస్ డాలర్లు 10,06,473 మాత్రమే, వాటి ధర వేరు.

రెండు జాతుల తూకం, కొలత ఒకటే. 26.73 గ్రాములు, అడ్డంగా 38.1 మిల్లీమీటర్లు, నూటికి 90 పాళ్ళు వెండి, 10 పాళ్ళు రాగి. అంటే స్వచ్ఛమైన వెండి 24.06 గ్రాములు, ట్రాయ్ ఔన్సుల్లో 0.7734. ఎంత అరిగినా ధర ఈ వెండి విలువ కంటే పెద్దగా దిగదు. గ్రాము వెండి 100 రూపాయలనుకుంటే నాణెంలో వెండి 2,406 రూపాయలు. అసలు రేటు పెట్టి మీరే లెక్క వేసుకోండి. ఒక్క తిరకాసు: మన బజారు రేటులో దిగుమతి సుంకం కలిసి ఉంటుంది. అమెరికా వ్యాపారి లెక్కవేసేది ఔన్సు అంతర్జాతీయ రేటు మీద. రెండూ కలిపి చూస్తే ఎవరో మోసం చేస్తున్నట్టు కనిపిస్తుంది.

మింట్ గుర్తు ఎక్కడుంటుందో చాలామందికి తెలియక తేదీ ఒక్కటే చూసి ఊరుకుంటారు. మోర్గాన్ మీద బొరుసు వైపు, గద్ద కింద ఆకుల దండకి ముడి ఉంటుంది. ఆ ముడికి కింద, ‘డాలర్’ అనే మాటలో మొదటి రెండు అక్షరాలకి పైన చిన్న అక్షరం ఉందేమో భూతద్దంతో చూడండి. ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. ‘ఎస్’ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ‘ఓ’ అంటే న్యూ ఆర్లీన్స్, రెండు ‘సీ’లు పక్కపక్కన ఉంటే నెవాడాలోని కార్సన్ సిటీ, ‘డి’ అంటే డెన్వర్. చలామణీ కోసం డెన్వర్ మోర్గాన్ కొట్టింది 1921లో ఒక్కసారే. పీస్ డాలరు మీద బొరుసు వైపే, ‘వన్’ అనే మాట కింద, గద్ద తోక దగ్గర ఉంటుంది.

ఏది అరుదు అన్నదానికి చాలామంది ఎన్ని కొట్టారో అంకె చూసి నిర్ణయిస్తారు. వెండి డాలర్ల విషయంలో ఆ అంకె ఒక్కటీ నమ్ముకుంటే తప్పుదారి పడతారు. ఎందుకో తెలియాలంటే ఇవి అసలెందుకు కొట్టారో చూడాలి.

1873 చట్టం వెండి డాలరుని పక్కన పెట్టేసింది. ఆ రోజుల్లోనే నెవాడాలో కామ్‌స్టాక్ గనుల నుంచి వెండి గుట్టలుగా వస్తోంది, ధర పడిపోతోంది. గనుల వాళ్ళు, అప్పుల్లో ఉన్న రైతులు గొడవ పెట్టగా, 1878 ఫిబ్రవరి 28న బ్లాండ్-ఆలిసన్ చట్టం వచ్చింది. అధ్యక్షుడు హేస్ వీటో చేసినా కాంగ్రెస్ ఆ వీటోని తోసిపుచ్చి చట్టం చేసింది. దాని ప్రకారం ఖజానా నెలకి 20 నుంచి 40 లక్షల డాలర్ల వెండి కొని నాణేలు కొట్టాలి. 1890లో షెర్మన్ చట్టం దాన్ని నెలకి 45 లక్షల ఔన్సులు చేసింది, 1893లో రద్దయింది. జనం ఎవరూ ఈ బరువైన నాణేలు అడగలేదు. పడమర రాష్ట్రాల్లో వాడారు గానీ తూర్పున కాగితమే ముద్దు. కాబట్టి కొట్టినవి కొట్టినట్టు వెయ్యేసి చొప్పున కాన్వాసు సంచుల్లో కట్టి ఖజానా కొట్లలో పడేశారు. వాటికి బదులు సిల్వర్ సర్టిఫికెట్లు అనే నోట్లు తిరిగాయి. మొత్తం మీద మోర్గాన్‌లు సుమారు 65 కోట్ల 70 లక్షలు కొట్టారు.

ఇక్కడే మన దేశం కథలోకి వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత ప్రభుత్వం రూపాయి నోటు తెచ్చినవాడికి వెండి రూపాయి లెక్కపెట్టి ఇవ్వాలి. యుద్ధ కొనుగోళ్ళకి వెండి నిల్వ అయిపోవచ్చింది, బ్రిటిష్ వాళ్ళ దగ్గర వెండి లేదని జర్మన్ ప్రచారం, జనం నోట్లు పట్టుకుని ఎగబడ్డారు. బ్రిటన్ అమెరికాని అడిగింది. 1918 ఏప్రిల్ 23న పిట్‌మన్ చట్టం చేసి అమెరికా తన కొట్లలోని డాలర్లు కరిగించి వెండి అమ్మింది. కరిగినవి 27,02,32,722. అందులో 25,91,21,554 నాణేల వెండి బ్రిటన్‌కి అమ్మినది, మిగతా 1,11,11,168 అమెరికాలోనే చిల్లరకి వాడుకున్నారు. లెక్క కూడా చక్కగా కుదురుతుంది: డాలరులో స్వచ్ఛమైన వెండి 371.25 గ్రెయిన్లు (పాత ఇంగ్లీషు తూకం), మన రూపాయిలో 165. అంటే ఒక డాలరు కరిగిస్తే సరిగ్గా రెండుంపావు రూపాయలు. మీ ఇంట్లో అయిదో జార్జి బొమ్మతో 1918, 1919 రూపాయి ఉంటే అందులో వెండి అంతకుముందు మోర్గాన్ డాలరుగా ఓ సంచిలో నిద్రపోయి ఉండవచ్చు.

సేకర్తకి చిక్కేమిటంటే, ఏ సంచిలో ఏ ఏడాది, ఏ మింట్ నాణేలున్నాయో రాసుకోకుండా మూసలో వేసేశారు. కాబట్టి కొట్టిన అంకె పుస్తకంలో నిలిచింది, నాణెం నిలవలేదు. 1895 ఫిలడెల్ఫియాది చూడండి. లెక్కల్లో మామూలు నాణేలు 12,000 అని ఉంది, ఒక్కటీ ఇప్పటిదాకా ఎవరికీ కనపడలేదు. ఉన్నవన్నీ సేకర్తల కోసం విడిగా కొట్టిన 880 ప్రూఫుల్లోవే.

దీనికి ఎదురు కథ 1903 ఓ. 44,50,000 కొట్టారు, అయినా 1962 దాకా కొత్త స్థితిలో దొరికేది కాదు, కేటలాగు ధర వెయ్యి డాలర్లు దాటింది. అన్నీ 1918లో కరిగిపోయాయనుకున్నారు. 1962 నవంబరులో, క్రిస్మస్ కానుకలకి నాణేలు కావాలని బ్యాంకులు అడిగితే ఖజానా ఎన్నో ఏళ్ళుగా మూసి ఉన్న ఒక కొట్టు తలుపు తీసింది. సంచులకి సంచులు 1898 ఓ, 1903 ఓ, 1904 ఓ బయటపడ్డాయి. వెయ్యి దాటిన ధర కొద్ది రోజుల్లోనే పదుల్లోకి జారింది. 1964 మార్చిలో డాలర్లు ఇవ్వడం ఆపేసేసరికి కొట్లో మిగిలినవి సుమారు 30 లక్షలు, అందులో ఎక్కువ కార్సన్ సిటీవే. వాటిని జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ 1972 నుంచి 1980 దాకా విడతలుగా నల్లటి గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి అమ్మింది. 1884 సీసీ కొట్టింది 11,36,000 అయితే ఈ అమ్మకంలో బయటికి వచ్చింది 9,62,638. నూరేళ్ళ నాటి నాణెం, నూటికి ఎనభై పైన చెయ్యి తగలకుండా ఉన్నాయన్నమాట. ఆ నల్ల పెట్టె దొరికితే పగలగొట్టి నాణెం బయటికి తీయకండి, పెట్టెకీ విలువుంది.

దీనికి తలకిందులుగా 1884 ఎస్, 1901 ఫిలడెల్ఫియా వంటివి. మొదటిది 32 లక్షలు, రెండోది దాదాపు 70 లక్షలు కొట్టారు. అరిగినవి మామూలు ధరకే దొరుకుతాయి, కొత్తగా ఉన్నవి మాత్రం కొండెక్కి కూర్చుంటాయి. అవి సంచుల్లో కాక జేబుల్లో తిరిగాయి.

ఇప్పుడు మీ ఏడు నాణేల సంగతి. 1921 మోర్గాన్‌లు మూడు మింట్లలో కలిపి 8 కోట్ల 67 లక్షలు పైన. ఇవి కూడా పిట్‌మన్ చట్టం బిడ్డలే, కరిగించినన్ని మళ్ళీ కొట్టాలని ఆ చట్టంలోనే ఉంది. పాత అచ్చులు 1910లోనే ధ్వంసం చేసేశారు కాబట్టి కొత్తవి హడావుడిగా చెక్కారు. అందుకే 1921 బొమ్మ 1881 పక్కన పెడితే చప్పిడిగా, పలచగా కనిపిస్తుంది, అది అరుగుదల కాదు. వెండి విలువ మీద కొంచెం ఎక్కువకి చూసుకోండి, అంతే. 1922 పీస్ డాలరు ఫిలడెల్ఫియాదైతే 5,17,37,000 కొట్టారు, అదీ మామూలే. 1881 వెనక ‘ఎస్’ ఉంటే 1,27,60,000లో ఒకటి, కానీ శాన్‌ఫ్రాన్సిస్కో ఆ ఏళ్ళలో కొట్టిన ముద్ర ఎంత పదునుగా ఉంటుందంటే చవగ్గా అందమైన నాణెం కావాలనుకున్నవాళ్ళకి నేను చూపించేది అదే. వెనక రెండు ‘సీ’లుంటే 2,96,000 మాత్రమే, జాగ్రత్తగా పక్కన పెట్టండి. 1904 వెనక ‘ఓ’ ఉంటే 1962 సంచుల్లోది అయ్యే అవకాశం ఎక్కువ. ‘ఎస్’ ఉండి, కొత్తగా ఉంటే మాత్రం వెంటనే తెలిసినవాళ్ళకి చూపించండి.

స్థితి అంచనా వేయడానికి కొట్టే పద్ధతి కొంచెం తెలియాలి. వెండి, రాగి కరిగించి కడ్డీలు పోస్తారు, రోలర్ల మధ్య రేకుగా సాగదీస్తారు, బిళ్ళలు తొలుస్తారు, కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, పలచని ఆమ్లంలో కడిగి తెల్లబరుస్తారు. ఫిలడెల్ఫియాలో ఒక గదినిండా ఆడవాళ్ళు కూర్చుని ఒక్కో బిళ్ళ తూచి, బరువెక్కువైతే అంచు ఆకురాయితో గీసేవారు. తర్వాత అంచు ఎత్తుచేసి, ఆవిరి ప్రెస్‌లో రెండు డైల, అంటే ఉక్కు అచ్చుల మధ్య నొక్కేవారు. డైలన్నీ ఫిలడెల్ఫియాలోనే తయారై, మింట్ గుర్తు అక్కడే చేత్తో గుద్ది ఆయా ఊళ్ళకి పంపేవారు. చేత్తో గుద్దడం వల్ల అక్షరం ఒక డైలో కొంచెం వాలి, ఇంకో దాంట్లో పక్కకి జరిగి ఉంటుంది. 1900 న్యూ ఆర్లీన్స్ నాణేలు కొన్నింటిలో ‘ఓ’ కింద ‘సీసీ’ తొంగిచూస్తుంది. కార్సన్ సిటీ 1893లో నాణేలు కొట్టడం మానేశాక, మిగిలిపోయిన డైలు పారేయకుండా వాటి మీదే ‘ఓ’ కొట్టారు. ఇలాంటి డై తేడాలకి వ్యామ్ నంబర్లని ఉన్నాయి, వాన్ ఆలెన్, మాలిస్ అనే ఇద్దరి పేర్లలోంచి వచ్చింది. మొదటి ఏడాదే ఆ వైపు జోలికి వెళ్ళకండి, అది అంతులేని ఊబి.

న్యూ ఆర్లీన్స్ వాళ్ళు డైలు ఎక్కువ రోజులు మన్నాలని వాటి మధ్య ఎడం కొంచెం ఎక్కువ పెట్టేవారు. దెబ్బ పూర్తిగా పడదు. ఫలితంగా చెవి పైన జుట్టు, వెనక గద్ద రొమ్ము మీద ఈకలు చదునుగా ఉంటాయి. సరిగ్గా ఆ రెండు చోట్లే అరుగుదల కూడా మొదట కనిపించేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తడబడేది ఇక్కడే. తేడా ఇలా పట్టుకోండి. ఒక్క దీపం, పక్కనుంచి వెలుగు, నాణేన్ని అంచులతో పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. చదునైన చోట మీదుగా కూడా ఆ చక్రం వెలుగు ఆగకుండా దాటిపోతే దెబ్బ తక్కువ పడింది, నాణెం కొత్తదే. వెలుగు అక్కడికి వచ్చి తెగిపోయి, ఆ చోటు బూడిదరంగులో మొద్దుగా ఉంటే అరిగింది. గ్రేడింగ్ అంకెల్లో ఇది ఏయూ-58 (కాస్త అరిగినది)కి, ఎంఎస్-62 (అసలు అరగనిది)కి మధ్య తేడా, డబ్బుల్లో కొన్ని తేదీలకి అయిదారు రెట్లు.

చెంప చూడటం మరవకండి. మోర్గాన్ స్త్రీ చెంప పెద్ద నున్నటి మైదానం. వెయ్యి నాణేల సంచి అంటే 26 కిలోల ముప్పావు బరువు, దాన్ని ఈ కొట్టు నుంచి ఆ కొట్టుకి విసిరేసేవారు. ఆ దెబ్బలకి ఒకదాని గళ్ళ అంచు ఇంకోదాని చెంప మీద గంట్లు పెడుతుంది. ఈ గ్రేడింగ్ అంకెల కొలబద్ద, షెల్డన్ స్కేలు, 1 నుంచి 70 దాకా ఉంటుంది, 60 నుంచి పైన అన్నీ చలామణీలో తిరగనివే. 63కి, 65కి మధ్య తేడా చాలావరకు ఈ చెంప మీదే తేలుతుంది. వెనక ఎంత బాగున్నా చెంప చెడితే 65 రాదు.

ఇక 1893 ఎస్. కొట్టింది 1,00,000, ఇప్పుడు దొరికే మామూలు మోర్గాన్‌లలో అతి తక్కువ. బాగా అరిగినది కూడా వేల డాలర్లు పలుకుతుంది. చవగ్గా ఎవరూ ఇవ్వరు. నకిలీలు మూడు రకాలుగా వస్తాయి. చైనాలో మొత్తం నాణెం చేసేసినవి మొదటి రకం. 1893 ఫిలడెల్ఫియా నాణెం వెనక ‘ఎస్’ అతికించినవి రెండోవి. వేరే ఏడాది ‘ఎస్’ నాణెం చివరి అంకె చెక్కి మార్చినవి మూడోవి. మొదటి రకం తూకంలో దొరుకుతుంది, తర్వాతి రెండు నిజమైన వెండి మింట్ నాణేలే కాబట్టి తూకానికి చిక్కవు. అక్కడ డై గుర్తులు చూడాలి. 1893 ఎస్‌లన్నీ బొమ్మ వైపు ఒకే ఒక్క డైతో కొట్టారు. కాబట్టి అసలు నాణెంలో ‘లిబర్టీ’లోని ‘టీ’ అక్షరం పై అడ్డగీతలో చిన్న ఏటవాలు గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, ‘ఆర్’ అక్షరం కాలు దగ్గర చిన్న చిప్ప ముక్క కనిపిస్తుంది. బాగా అరిగిన నాణెంలో కూడా ‘టీ’ మీది గీత చాలావరకు నిలుస్తుంది. అవి లేకపోతే తేదీ, గుర్తు ఏం చెప్పినా నమ్మకండి. ‘ఎస్’ చుట్టూ పది రెట్ల భూతద్దంతో చూస్తే అతికించిన చోట సన్నని గాడి, రంగు తేడా కనిపిస్తాయి.

ఏ నాణేనికైనా ఇంట్లో చేయగల పరీక్షలు నాలుగు. 0.01 గ్రాము చూపే తక్కెడ, డిజిటల్ కాలిపర్, నియోడిమియం అయస్కాంతం, గాజు గ్లాసు చాలు.

తూకం 26.73 దగ్గర ఉండాలి. కొత్తదానికి అటూ ఇటూ 0.1 మించి తేడా రాకూడదు, బాగా అరిగినవి 26 దాకా దిగుతాయి. 24, 22 వస్తే ఇంకేం చూడనక్కర్లేదు. కాలిపర్ దవడలు లోహమే కాబట్టి నాణేన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి కొలవండి. అయస్కాంతానికి అతుక్కుంటే ఇనుము. అతుక్కోకపోతే నిజమని కాదు, ఇత్తడి కూడా అతుక్కోదు. నాణేన్ని 45 డిగ్రీలు వాల్చి దాని మీద చిన్న అయస్కాంతం జారవిడిస్తే వెండి మీద నెమ్మదిగా పాకుతూ దిగుతుంది, ఇత్తడి మీద జర్రున జారిపోతుంది.

అన్నిటికంటే గట్టి పరీక్ష నీళ్ళది. గ్లాసులో నీళ్ళు పోసి తక్కెడ మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా, అడుక్కీ పక్కలకీ తగలకుండా వేలాడదీయండి. తక్కెడ చూపే అంకె నాణెం తోసిన నీళ్ళ బరువు. 90 పాళ్ళ వెండికి సాంద్రత సుమారు 10.3 కాబట్టి 2.59 గ్రాముల దగ్గర రావాలి. తూకం సరిపెట్టిన రాగి, నికెల్ నకిలీకి 3.0 దగ్గర, ఇత్తడికి 3.1 దగ్గర వస్తుంది. నాణెం మీద గాలి బుడగ అంటుకుంటే అంకె పెరిగి మంచి నాణేన్ని అనుమానించాల్సి వస్తుంది. నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేస్తే బుడగలు వదులుతాయి. తర్వాత మంచినీళ్ళలో ముంచి తీసి మెత్తటి గుడ్డ మీద పరిచి అద్దండి, తుడవద్దు.

ఈ పరీక్షలన్నీ దాటిన నకిలీలూ ఉన్నాయి. 1896, 1900, 1902 న్యూ ఆర్లీన్స్ నాణేల్లో బుల్లి ‘ఓ’ ఉన్నవాటిని దశాబ్దాలు మింట్ రకమనుకుని గ్రేడింగ్ చేశారు. అవి ఆ కాలపు దొంగ నాణేలని 2005లో తేలింది. అందులో వెండి అసలుదే. అప్పట్లో డాలరులో వెండి యాభై సెంట్లకి కూడా చేయదు కాబట్టి నిజమైన వెండితో కొట్టినా దొంగకి సగం లాభమే. ఇప్పుడు వాటికీ కొనేవాళ్ళున్నారు. ఇక 1804 తేదీతో డాలరు, ఆసియా వ్యాపారం కోసం కొట్టిన 27.22 గ్రాముల ట్రేడ్ డాలరు పర్యాటక స్థలాల్లో చూపిస్తే నవ్వి ముందుకి నడవండి. 1804వి ప్రపంచంలో 16కి మించి తెలియవు, ఎక్కడెక్కడున్నాయో అన్నీ రాసి ఉన్నాయి.

ఖరీదైనది కొంటే పీసీజీఎస్ గానీ ఎన్‌జీసీ గానీ, ఈ రెండు గ్రేడింగ్ సంస్థల్లో ఒకటి సీలు చేసిన స్లాబ్‌లోనే, అంటే గట్టి ప్లాస్టిక్ పెట్టెలోనే కొనండి. స్లాబ్ కూడా నకిలీ చేస్తున్నారు. పైనున్న నంబరు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ ఫోటో ఉంటే చెంప మీది గంట్లు ఒక్కోటి ఈ నాణెంతో పోల్చండి. నంబరు నిజం కావచ్చు, లోపలి నాణెం వేరే కావచ్చు. మీ 1921లని మాత్రం గ్రేడింగ్‌కి పంపకండి, ఆ ఖర్చుతో ఇంకో డాలరు వస్తుంది.

సేకరణ మొదలుపెట్టడానికి మోర్గాన్‌ల 97 తేదీ-మింట్ జాబితా పట్టుకుని కూర్చుంటే మధ్యలో 1889 సీసీ, 1893 ఎస్, 1895 దగ్గర ఆగిపోతారు. అయిదు మింట్లకి అయిదు నాణేలు పెట్టుకోండి. 1887 ఫిలడెల్ఫియా, 1881 ఎస్, 1885 ఓ, 1884 సీసీ, 1921 డి. మొదటి మూడూ ఎంఎస్-64లో కూడా అందుబాటులో ఉంటాయి. డబ్బంతా 1884 సీసీకే పోతుంది, దానికి తొందరపడకండి. ఆ తర్వాత పాత పీస్ డాలర్లు తేదీ-మింట్ లెక్కన 24 మాత్రమే కాబట్టి పూర్తి చేయదగ్గ జాబితా అదే. కష్టపెట్టేవి 1921, 1928 ఫిలడెల్ఫియా (3,60,649), కొత్త స్థితిలో 1934 ఎస్. 1965లో డెన్వర్‌లో 1964 తేదీతో 3,16,076 పీస్ డాలర్లు కొట్టి అన్నీ కరిగించేశారు. ఆ తేదీతో ఎవరైనా చూపిస్తే అది ప్రైవేటుగా కొట్టిన బొమ్మ.

వెండి కోసమే అయితే 1964, అంతకుముందరి డైములు, క్వార్టర్లు, హాఫ్‌లు చవక. డాలరు విలువ చిల్లర, అంటే పది డైములు గానీ నాలుగు క్వార్టర్లు గానీ రెండు హాఫ్‌లు గానీ, 25 గ్రాములు తూగుతుంది, డాలరు నాణెం కంటే 1.73 గ్రాములు తక్కువ. 1873 చట్టం చిల్లరని మెట్రిక్ తూకంలో పెట్టింది. 1878లో డాలరు మాత్రం పాత 412.5 గ్రెయిన్ల తూకంతోనే తిరిగొచ్చింది, అందుకే ఆ తేడా. 1965 నుంచి 1970 దాకా కెనడీ హాఫ్‌లలో వెండి 40 పాళ్ళే, వాటిని 90 లెక్కన కొనకండి.

దాచడం గురించి. మెత్తగా, వంగే ప్లాస్టిక్ కవర్లు పీవీసీవి, ఏడాది రెండేళ్ళలో నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది, వదిలేస్తే తినేస్తుంది. ఆ జిగురు కనిపిస్తే స్వచ్ఛమైన అసిటోన్ గాజు గిన్నెలో పోసి నాణేన్ని అయిదు నిమిషాలు ముంచి, ఇంకో గిన్నెలో కొత్త అసిటోన్‌లో కడిగి, గాలికి ఆరనివ్వండి. రుద్దవద్దు. గోళ్ళరంగు తీసే ద్రవంలో అసిటోన్‌తోపాటు రంగు, నూనె ఉంటాయి, అది వాడొద్దు. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి, ఇట్టే అంటుకుంటుంది. అసిటోన్ జిగురునీ నూనెనీ తీస్తుంది, వెండి నలుపుని తాకదు, అందుకే అది తోమడం కిందికి రాదు.

38 మిల్లీమీటర్ల గట్టి క్యాప్సూల్స్ గానీ మైలార్ అనే పలచని ప్లాస్టిక్ పొర కిటికీ ఉన్న అట్ట చతురస్రాలు గానీ వాడండి. అట్టకి స్టేపుల్ కొడితే పిన్ను కాళ్ళు శ్రావణంతో నొక్కి చదును చేయండి, లేదంటే పెట్టెలో పక్క నాణేన్ని గీకుతాయి. రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రిక వద్దు, రెండింట్లోనూ గంధకం ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో అయితే మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచి వేసి, అది రంగు మారినప్పుడల్లా ఎండబెట్టి మళ్ళీ వేయండి.

మీ మేనమామ ఏ ఊళ్ళో, ఏ ఏడాది ఎక్కడ కొన్నారో గుర్తుంటే ఇప్పుడే అడిగి ఒక్కో అట్ట మీద పెన్సిలుతో రాసేయండి, నాణెం పెట్టకముందే. పెట్టాక రాస్తే పెన్సిలు ఒత్తిడికి మైలార్ లోపల నాణెం కదిలి గీరుకుంటుంది.